చంకకర్రలతో కాలేజీ రోజులు నెట్టుకురావడం ఎలా?

ఇంజనీరింగ్ రెండో ఏడు, డిసెంబరు నెల. కాలేజీల మధ్య కబడ్డీ పోటీల్లో కూతకు వెళ్లి వెనక్కి తిరుగుతుంటే నా కుడి మోకాట్లో ‘టప్’మని చప్పుడైంది. నన్నెవరూ పట్టుకోలేదు, ఎవరూ తగల్లేదు. పాదం మట్టిలో పాతుకుపోయింది, ఒళ్లు మాత్రం తిరిగింది. మోకాలి ఎముకల్ని పట్టి ఉంచే పట్టీ లాంటి లిగమెంట్ ఏసీఎల్ తెగిందనీ, ఆ ఎముకల మధ్య మెత్తలా ఉండే లోపలి మెనిస్కస్ కూడా చిరిగిందనీ ఎమ్మారైలో తేలింది. రెంటికీ ఆపరేషన్ చేసి, ఆరు వారాలు ఆ కాలు నేల మీద మోపొద్దన్నారు. సంక్రాంతి వరకూ ఇంట్లో గడిచిపోయింది. పండగ వెళ్లగానే రెండు కర్రలతో హాస్టల్లో దిగాను. నా గది రెండో అంతస్తు, క్లాసు మూడో అంతస్తు, మెస్ మైదానానికి అవతల.

నడవలేకపోవడం పెద్ద కష్టమని అనుకుంటూ వెళ్లాను. అక్కడికెళ్లాక తెలిసింది, అసలు ఇబ్బంది చేతులతో వస్తుందని. కర్రలు పట్టుకున్నంతసేపూ రెండు చేతులూ వాటికే సరిపోతాయి. కంచం పట్టుకోలేం, బకెట్ మోయలేం, గొడుగు వేసుకోలేం, తలుపు తోయలేం. కింద చెప్పబోయే ఏర్పాట్లలో చాలా వరకూ చేతుల్ని కాస్త ఖాళీ చేసుకోవడానికే.

కాలేజీకి వెళ్లకముందు ఇంట్లోనే

మొదట డాక్టరుని ఒక్క మాట సూటిగా అడగండి: ‘కాలు మీద ఎంత బరువు వేయొచ్చు?’ అస్సలు మోపకూడదా, వేళ్లు తాకించొచ్చా, సగం బరువు వేయొచ్చా? ఆ జవాబుని బట్టి నడక మారిపోతుంది. ఒకే దెబ్బ తగిలిన ఇద్దరికి వేర్వేరు జవాబులు రావచ్చు. ఏసీఎల్ ఒక్కటే అయితే కొందరిని మర్నాటి నుంచే మెల్లగా కాలు మోపమంటారు, మెనిస్కస్ కుట్టిన వాళ్లని వారాల తరబడి ఆపుతారు. అందుకే సీనియర్‌కి చెప్పిన సలహా మీరు వాడకండి.

ఇంకో మాట. దెబ్బ తగలగానే మా అమ్మమ్మ ‘పుత్తూరు తీసుకెళ్దాం, కట్టు కట్టించుకొస్తే సరిపోతుంది’ అంది. ఆమె ప్రేమకి నేనేమీ అనను. కానీ లిగమెంట్ ఎక్స్‌రేలో కనిపించదు. ఎముక బాగుందన్నంత మాత్రాన మోకాలు బాగున్నట్టు కాదు. మోకాలు వాచి, నడుస్తుంటే జారిపోతున్నట్టు అనిపిస్తే, కట్టూ మాలిష్ జోలికి పోకుండా ముందు ఎముకల డాక్టరుకి చూపించండి.

ఇక కర్రల కొలత. దుకాణంలో ఇచ్చినవి ఇచ్చినట్టే తెచ్చుకుంటే వారం తిరక్కుండా చేతులు తిమ్మిరెక్కుతాయి. నిటారుగా నిలబడితే కర్ర పైభాగానికీ చంకకీ మధ్య రెండు మూడు వేళ్లు పట్టేంత ఖాళీ ఉండాలి. చేయి కిందికి వేలాడేస్తే పిడి మణికట్టు దగ్గరికి రావాలి. పిడి పట్టుకున్నప్పుడు మోచేయి కొద్దిగా వంగాలి. బరువంతా అరచేతుల మీదే పడాలి. చంకల మీద వాలితే అక్కడి నరాలు నొక్కుకుపోయి మణికట్టు పైకి లేవని పరిస్థితి రావచ్చు. క్లాసు బయట లెక్చరర్ కోసం ఎదురుచూస్తూ చంకకర్రల మీద వేలాడి నిలబడటం చాలామందికి అలవాటు, నాకూ ఉండేది. ఫిజియో తిట్టి మాన్పించారు. గోడకి ఆనుకోండి, లేదా కూర్చోండి.

కర్రల కింద రబ్బరు తొడుగులు అరిగిపోయాయేమో చూడండి. అవి నున్నగా అయితే తడి టైల్స్ మీద కర్ర నిలవదు. ఒక జత అదనంగా కొని సంచిలో వేసుకోండి, పెద్ద ఖర్చేమీ కాదు.

మెట్లు

అడుగు వేసేటప్పుడు రెండు కర్రలూ ఒక అడుగు ముందుకి వేసి, అరచేతులతో నొక్కి, మంచి కాలిని ముందుకి తేవాలి. పెద్ద అంగలు వద్దు. ఇది ఒక పూటలో వచ్చేస్తుంది. మెట్లు అలా కాదు, వాటిని ఇంటి దగ్గరే, ఫిజియో ముందు నేర్చుకోండి.

ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బకాలు ముందు. ఇది నోటికి రావాలి. పైకి వెళ్లాలంటే మంచి కాలిని పై మెట్టు మీద పెట్టి ఒంటిని లేపుకుని, ఆ తర్వాత దెబ్బకాలినీ కర్రనీ తెచ్చుకోవాలి. కిందికి దిగాలంటే ముందు కర్రనీ దెబ్బకాలినీ కింది మెట్టుకి దించి, తర్వాత మంచి కాలిని దింపాలి. పక్కన గట్టి రెయిలింగ్ ఉంటే ఒక చేత్తో దాన్ని పట్టుకుని, రెండు కర్రలూ రెండో చేతి కిందికి మార్చుకోండి. తోడు వచ్చే స్నేహితుడు ఎప్పుడూ మీకంటే ఒక మెట్టు కిందే ఉండాలి. మీరు ఎక్కుతుంటే వెనక, దిగుతుంటే ముందు. చేయి పట్టుకుని లాగొద్దని ముందే చెప్పండి, సాయం చేద్దామనుకుని అలా లాగే పడేస్తారు.

గంట కొట్టగానే మెట్ల మీదికి వెళ్లకండి. 5 నిమిషాలు ముందుగా లేవడానికి అనుమతి అడగండి, లేదా అందరూ వెళ్లాక కదలండి. రద్దీలో ఎవరి బ్యాగు తగిలినా చాలు.

మొదటి వారంలోనే రాయాల్సిన అర్జీలు

సిగ్గుపడి నేను చేసిన ఆలస్యం ఇక్కడే. ‘ఇంకో నాలుగు వారాలే కదా, సర్దుకుందాం’ అనుకున్నాను. రెండు మెట్ల వరసలు రోజుకి మూడుసార్లు ఎక్కి దిగేసరికి మూడో రోజుకే మోకాలు గుమ్మడికాయలా వాచింది. అప్పుడు వార్డెన్ దగ్గరికి వెళ్తే ఆయన అన్నది ఒకటే మాట: ‘మొదటిరోజే చెప్పాల్సింది కదరా, కింద గది ఖాళీగానే ఉంది.’

ఆరు వారాల కర్రల నడక చట్టం లెక్కలోకి రాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం దీర్ఘకాలిక వైకల్యానికి సంబంధించింది, తాత్కాలిక గాయానికి ఆ సర్టిఫికెట్ ఇవ్వరు. కాబట్టి మీకు దొరికేదంతా అడిగితేనే దొరుకుతుంది. నోటిమాటగా వద్దు. ఒక్కో పనికి ఒక్కో కాగితం రాసి, డాక్టరు సర్టిఫికెట్ జిరాక్స్ జతచేసి, రెండో ప్రతి మీద సంతకం తీసుకోండి.

వార్డెన్‌కి కింది అంతస్తు గది కోసం, వెస్టర్న్ టాయిలెట్ వాడుకోవడానికి. హెచ్‌ఓడీకి మీ సెక్షన్ క్లాసులు కుదిరితే కిందికి మార్చమని, లిఫ్ట్ వాడుకోనివ్వమని. చాలాచోట్ల లిఫ్ట్ ఉంటుంది, ‘స్టాఫ్‌కి మాత్రమే’ అన్న బోర్డూ ఉంటుంది. ఆ బోర్డు చూసి వెనక్కి తిరక్కండి, కాగితం మీద అనుమతి తెచ్చుకోండి. మా క్లాసులో పోలియో వచ్చిన మిత్రుడు ఒకడు ఏడాదిన్నరగా ఆ మెట్లే ఎక్కుతున్నాడని నాకు కర్రలు వచ్చాకే పట్టింది. నా అర్జీలో వాడి పేరు కూడా రాశాం. నాకు అవసరం తీరిపోయినా వాడికి లిఫ్ట్ ఆగలేదు.

అటెండెన్స్ సంగతి అన్నిటికంటే ముఖ్యం. జేఎన్‌టీయూ నిబంధనల ప్రకారం 75 శాతం హాజరు ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే ఆరోగ్య కారణాలు చూపి, రుసుము కట్టి మినహాయింపు కోరవచ్చు. 65 కంటే తగ్గితే సర్టిఫికెట్ ఉన్నా కుదరదు, డిటెయిన్ చేస్తారు, అంటే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే. అటానమస్ కాలేజీల్లో తేడాలుండొచ్చు, అకడమిక్ సెక్షన్‌లో కనుక్కోండి. ఆసుపత్రిలోనూ ఇంట్లోనూ పోయిన రోజులు లెక్కేసి, ఇక ఎన్ని క్లాసులు పోగొట్టుకోవచ్చో మొదటి వారంలోనే చూసుకోండి. నొప్పి ఎక్కువున్న రోజు నిశ్చింతగా పడుకోవాలంటే ఈ లెక్క చేతిలో ఉండాలి. ఫీజుతో పాటు ప్రమాద బీమా కట్టించుకున్నారేమో కూడా ఆఫీసులో అడగండి. బిల్లులు, డిశ్చార్జ్ సమ్మరీ ఒరిజినల్స్ ఎవరికీ ఇచ్చేయకండి.

మిడ్, సెమిస్టర్ పరీక్షలకి కింది అంతస్తులో గది, వరుస చివరి సీటు, కాలు చాపుకోవడానికి ఇంకో కుర్చీ కావాలని ఎగ్జామ్ బ్రాంచికి ముందే రాయండి. మూడు గంటలు కాలు కిందికి వేలాడేసి కూర్చుంటే ఆఖరి గంటలో పెన్ను కదలదు.

స్నానం, టాయిలెట్

దీని గురించి ఎవరూ మాట్లాడరు. నాకు ఎక్కువ భయం వేసింది దీనికే. ఇండియన్ టాయిలెట్‌లో ఒంటికాలి మీద కూర్చోవడం కుదరదు, ప్రయత్నించొద్దు. వెస్టర్న్ లేకపోతే మధ్యలో రంధ్రం ఉండే కమోడ్ కుర్చీని సర్జికల్ దుకాణంలో కొనుక్కోవచ్చు, కొన్నిచోట్ల అద్దెకీ ఇస్తారు. దాన్ని ఇండియన్ బేసిన్ మీదే పెట్టుకోవచ్చు.

స్నానానికి కదలని ప్లాస్టిక్ కుర్చీ వేసుకోండి. బకెట్ నింపి లోపల పెట్టే పని రూమ్మేట్‌కి అప్పగించండి. లోపలికి వెళ్లాక కుర్చీ ముందు అంచు కాలి వెనక భాగానికి తగిలే దాకా వెనక్కి జరిగి, రెండు కర్రలూ ఒక చేతిలోకి తీసుకుని, రెండో చేత్తో కుర్చీ పట్టుకుని, దెబ్బకాలు ముందుకి చాపి కూర్చోవాలి. అయిపోయాక ఒళ్లూ, అరచేతులూ, కర్రల అడుగులూ తుడుచుకున్నాకే లేవండి. అందరూ క్లాసులకి వెళ్లాక, నేల కాస్త ఆరాక వెళ్తే మంచిది. గడియ మాత్రం వేయకండి. బయట ఒకణ్ని కాపలా ఉంచండి.

పిండికట్టు ఉన్నవాళ్లు తడవకుండా ప్లాస్టిక్ కవరు చుట్టుకోవాలి. దురద పెడుతోందని స్కేలు లోపలికి దూర్చకండి, చర్మం గీసుకుపోతే లోపలే చీము పడుతుంది.

మెస్, పుస్తకాలు, ల్యాబ్

మెస్‌లో నేను ఒకసారి పడ్డాను. నేల మీద సాంబారు ఒలికి ఉంది, నేను చూడలేదు. అదృష్టం కొద్దీ మంచి కాలి వైపు పడ్డాను. ఆ రోజు నుంచి కళ్లు రెండు అడుగుల ముందు నేల మీదే. మీరు బల్ల దగ్గర కూర్చుండిపోండి, కంచం స్నేహితుడు తెస్తాడు. ఎవరూ లేని పూట కోసం గట్టి మూతల టిఫిన్ క్యారియర్ ఉంచుకోండి. అది వీపు సంచిలో పెట్టుకుని మీరే తెచ్చుకోవచ్చు.

సంచి రెండు భుజాలకీ సమానంగా వేసుకునేదే ఉండాలి. ఒక భుజానికి వేలాడే సంచి ఊగి మిమ్మల్ని పక్కకి లాగుతుంది. పుస్తకాలు తగ్గించి, నోట్స్ ఫోన్‌లో ఫొటోలుగా పెట్టుకోండి. ఫోన్‌ని తాడుతో మెడలో వేసుకోండి. ల్యాబ్‌లో ఎత్తు స్టూలు అడిగి, నిలబడి చేయాల్సిన పని భాగస్వామికి ఇచ్చి, రీడింగులు మీరు రాయండి.

సాయం అడగడంలో ఒక పద్ధతి ఉంది. ‘ఏదైనా కావాలంటే చెప్పు మావా’ అని అందరూ అంటారు, ఆ మాటతో పని జరగదు. పని పేరు చెప్పి, మనిషిని చూసి అడగండి: పొద్దున బకెట్ ఒకరు, మధ్యాహ్నం కంచం ఒకరు, సాయంత్రం రికార్డులు ఒకరు. అంతా ఒక్క రూమ్మేట్ మీదే వేస్తే రెండు వారాలకి వాడు అలసిపోతాడు, మీకూ నోరు రాదు.

బయటికి వెళ్లాలంటే

ఆటోలో మొదట సీటు అంచున కూర్చుని, వెనక్కి జరిగి, ఆ తర్వాత కాళ్లు లోపలికి తీసుకోండి. ఆర్టీసీ బస్సు మెట్టు ఎత్తు, వీలైతే ఆ వారాలు మానేయండి. హైదరాబాద్‌లో ఉండేవాళ్లకి మెట్రో నయం, స్టేషన్లలో లిఫ్టులుంటాయి.

సాయంత్రాలు

ఐదున్నరకి గ్రౌండ్‌లో విజిల్ వినిపిస్తే గదిలో ఉండబుద్ధయ్యేది కాదు. కొన్నాళ్లు కిటికీ మూసుకున్నాను. తర్వాత కోచ్ సార్ పిలిచి స్కోరు పుస్తకం చేతికిచ్చారు. గీత బయట కూర్చుని చూస్తుంటే, నా మలుపుల్లో నేను చేస్తున్న తప్పు మరో కుర్రాడు చేస్తుంటే కనిపించింది. పుల్లెల గోపీచంద్‌కి 1994లో ఆడుతుండగానే మోకాలి ఏసీఎల్ తెగింది, 2001లో ఆయన ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. మధ్యలో ఏడేళ్లున్నాయి. నేను ఆ ఏడేళ్ల గురించి ఎక్కువ ఆలోచించేవాణ్ని. ఏసీఎల్ ఆపరేషన్ తర్వాత ఆటకి తిరిగి రావడానికి సాధారణంగా 9 నెలలైనా పడుతుంది. కర్రలు తీసేయగానే గ్రౌండ్‌లోకి దూకకండి.

వ్యాయామాలు కాలేజీలో ఉన్నా మానొద్దు. పాదాన్ని పైకీ కిందికీ ఆడించడం, తొడ కండరం బిగించి వదలడం క్లాసు బెంచి మీదే చేయొచ్చు. గదికి రాగానే కాలు గుండె కంటే ఎత్తులో పెట్టి, గుడ్డ చుట్టిన ఐస్ 15 నిమిషాలు. పిక్కలో కొత్తగా నొప్పి, వాపు, వేడి కనిపిస్తే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. ఆయాసం, ఛాతీ నొప్పి వచ్చినా, కాలి వేళ్లు నీలంగా మారి తిమ్మిరెక్కినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

కర్రలు వదిలేటప్పుడు

రెండు నుంచి ఒకటికి దిగాక ఆ ఒక్క కర్ర మంచి కాలి వైపు చేతిలో ఉండాలి. చాలామంది దెబ్బకాలి వైపే పట్టుకుంటారు, దానితో ఒళ్లంతా ఆ పక్కకే వాలుతుంది. నాకు కుడి మోకాలు కాబట్టి ఎడమ చేతిలో పట్టుకున్నాను. కుంటకుండా నడవగలిగే దాకా ఫిజియో దాన్ని వదలనివ్వలేదు.

నా కర్రలు ఇప్పుడు మా హాస్టల్ వార్డెన్ గదిలో ఉన్నాయి. కొత్త రబ్బరు తొడుగులు వేసి, ఎత్తు మార్చే రంధ్రాల పక్కన ఎంత పొడుగు మనిషికి ఏ రంధ్రమో స్కెచ్ పెన్నుతో రాసిపెట్టాను. ఇప్పటికి ముగ్గురు తీసుకెళ్లి తెచ్చిచ్చారు.