ట్యాబ్ కొట్టకుండా ఆడియో పుస్తకం దొరికించుకోవడం
ఆడియో పుస్తకాల సైటులో ఒక్క పేరు దొరకడానికి ట్యాబ్ నలభై సార్లు కొట్టేదాన్ని. ఇప్పుడు ఎన్‌వీడీఏలో (తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) ఇలా చేస్తున్నా. పేజీ తెరుచుకోగానే ఇంగ్లీషు ఇ (E) నొక్కితే వెతికే పెట్టె దగ్గరికి వెళ్తుంది. ఎంటర్ కొట్టి, పేరులో రెండు మాటలు టైపు చేసి (మొత్తం పేరు రాస్తే ఒక్క అక్షరం తేడాతో దొరకదు), మళ్లీ ఎంటర్. ఫలితాలు రాగానే హెచ్ నొక్కుతూ పోతే ఒక్కో పుస్తకం పేరూ చదువుతుంది. దాటిపోతే షిఫ్ట్, హెచ్ కలిపి నొక్కి వెనక్కి రావచ్చు.

హెచ్ అక్షరం పెట్టెలోనే పడుతోందా? ఇంకా టైపింగులోనే ఉన్నట్టు, ఎస్కేప్ కొట్టండి. కొన్ని సైట్లలో పేర్లను హెడింగులుగా పెట్టరు, అక్కడ హెచ్ పనిచేయదు. ఇన్సర్ట్, ఎఫ్7 కలిపి నొక్కి లింకుల జాబితాలో వెతుక్కోవాల్సిందే.