2 ఎంఎల్ సిరంజి యూనిట్: మిషన్ బేరం ఆడేముందు తేల్చుకోవాల్సినవి

సిరంజి యూనిట్ పెట్టాలనుకునేవాళ్లు ముందుగా మౌల్డింగ్ మిషన్ రేటు కనుక్కుంటారు. ప్లాస్టిక్ పోసేవాళ్లు జీడిమెట్లలో ఏ సందులోనైనా దొరుకుతారు. పోసినదాన్ని ఎక్స్‌పైరీ దాకా క్రిమి చేరకుండా ఉంచే కవరే కష్టం. డబ్బూ టైమూ అక్కడ పెట్టాలి.

కాగితాలు

2017 మెడికల్ డివైజెస్ రూల్స్ ప్రకారం వాడి పారేసే స్టెరైల్ (క్రిములు లేని) సిరంజి క్లాస్ బి, అంటే తక్కువ నుంచి మధ్యస్థం దాకా ప్రమాదం ఉన్న పరికరం. రాష్ట్ర లైసెన్సింగ్ అథారిటీకి ఎండీ-3 ఫారంలో దరఖాస్తు చేస్తే, నోటిఫైడ్ బాడీ (ప్రభుత్వం గుర్తించిన తనిఖీ సంస్థ) ఆడిట్ అయ్యాక ఎండీ-5 ఫారంలో లైసెన్సు వస్తుంది. ఫీజు సైటుకు 5,000, ఒక్కో పరికరానికి 500 రూపాయలు. చాలామంది జారిపడేది ఇంకోచోట: టెస్టింగ్ కోసం చేసే శాంపిల్ బ్యాచ్‌కు కూడా విడిగా టెస్ట్ లైసెన్సు కావాలి. దానికి ఎండీ-12లో దరఖాస్తు, ఎండీ-13లో అనుమతి. ఇది లేకుండా చేసిన బ్యాచ్ రిపోర్టులను ఫైల్లో పెడితే ఆడిటర్ మొదటి ప్రశ్న దానిమీదే.

గది, మౌల్డింగ్

అసెంబ్లీకి శుభ్రమైన గదుల ప్రమాణం ఐఎస్‌ఓ 14644లోని క్లాస్ 8 గది చాలు. అంటే ఘనపు మీటరు గాలిలో 0.5 మైక్రాన్, అంతకు మించిన రేణువులు 35,20,000 దాటకూడదు. పక్క గదికంటే 10 నుంచి 15 పాస్కల్ ఎక్కువ ఒత్తిడి ఉంచండి. గదిని చెడగొట్టేది బయటి దుమ్ముకంటే ఎక్కువగా మనం లోపలికి తెచ్చే అట్టపెట్టె. అది పీచు రాలుస్తూనే ఉంటుంది. సరుకును బయటే విప్పి, ప్లాస్టిక్ ట్రేల్లో లోపలికి పంపండి.

బారెల్ (బయటి గొట్టం), ప్లంజర్ (నొక్కే కడ్డీ) పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్; ప్లంజర్ కొసనుండే గ్యాస్కెట్ రబ్బరు. 32 క్యావిటీల (అచ్చు గుంటల) మౌల్డులో ఒక్క క్యావిటీ అరిగితే ప్రతి 32 బారెళ్లలో ఒకటే కారుతుంది. కుప్పలోంచి చేతికొచ్చిన పది తీసి చూస్తే అది దొరక్కపోవచ్చు. బారెల్ మీద క్యావిటీ నంబరు పడేలా మౌల్డు చేయించి, షిఫ్టుకోసారి ప్రతి నంబరు నుంచి ఒకటి తీసి చూడాలి. నీళ్లు నింపి, నాజిల్ మూసి, ప్లంజర్ నొక్కితే గ్యాస్కెట్ పక్కనుంచి చుక్క రాకూడదు. పూర్తిగా నొక్కాక లోపల మిగిలేది 0.07 ఎంఎల్ దాటకూడదు.

బారెల్ మీది కొలత గీతలు రుద్దితే పోతున్నాయంటే ఇంకును తిట్టకండి. పాలీప్రొపిలీన్‌కు రంగు సహజంగా అంటదు. ప్రింటింగ్‌కు ముందు కరోనా ట్రీట్‌మెంటో (ప్లాస్టిక్ పైపొరకు కరెంటు డిశ్చార్జి తగిలించడం) మంట తగిలించడమో ఉండాలి. లోపల పూసే సిలికాన్ ఆయిల్ చదరపు సెంటీమీటరుకు 0.25 మిల్లీగ్రాములకు మించరాదు. తగ్గితే ప్లంజర్ పట్టేసి ఒక్కసారిగా జారుతుంది, నర్సు చేతిలో డోసు తప్పుతుంది.

బ్లిస్టర్ సీలు

బ్లిస్టర్ అంటే సిరంజిని పెట్టే ప్లాస్టిక్ గుంట, పైన అతికించే పేపరు. అతికించే మిషన్లో తిప్పాల్సినవి మూడే: వేడి, ఒత్తిడి, సమయం. వేడి తగ్గితే సీలులో కంటికి కనపడని సందు మిగులుతుంది. పెరిగితే తెరిచేటప్పుడు పేపరు చిరిగి పీచు సిరంజి మీద పడుతుంది. మధ్యలో ఒక సెట్టింగ్ బాగుందని ఆగిపోవద్దు. వాడబోయే పరిధిలో అతి తక్కువ, అతి ఎక్కువ అంచుల దగ్గర కూడా సీలు నిలిచిందని చూపాలి. టొలుయిడిన్ బ్లూ రంగు పోసి చూసేటప్పుడు కొన్ని సెకన్లలోనే తేల్చేయండి. ఆలస్యమైతే పేపరే రంగు పీల్చుకుని మంచి సీలూ చెడ్డదిలా కనిపిస్తుంది.

ఈటీవో గ్యాస్

క్రిములను చంపడానికి గామా కిరణాలు కూడా వాడతారు, కానీ మామూలు పాలీప్రొపిలీన్‌కు అవి పడవు, పసుపు రంగుకు తిరిగి పెళుసవుతుంది. అందుకే ఇథిలీన్ ఆక్సైడ్ (ఈటీవో) గ్యాస్. మొదటి రోజే సొంత ఛాంబర్ కొనడం తెలివైన పని కాదు. గ్యాస్ మంటకూ పేలుడుకూ దగ్గరి చుట్టం, దాన్ని సంబాళించే మనుషులు వేరే కావాలి. బయట చేయించండి, కానీ వ్యాలిడేషన్ (ఆ పద్ధతి ప్రతిసారీ పనిచేస్తుందని రుజువు చేయడం) బాధ్యత మీదే. పది లక్షల బాసిలస్ అట్రోఫేయస్ స్పోర్లున్న (తేలిగ్గా చావని బ్యాక్టీరియా బీజాలు) ఇండికేటర్లను గ్యాస్ కష్టంగా చేరే చోట పెట్టి, సగం సమయంతో మూడుసార్లు నడపాలి. మూడుసార్లూ అన్నీ చావాలి. అప్పుడు రెట్టింపు సమయం అసలు సైకిల్ అవుతుంది.

చలికాలంలో ఇండికేటర్ బతికి బయటపడితే ముందు అనుమానించాల్సింది తేమను. పొడిగా, చల్లగా వచ్చిన పెట్టెల్లో స్పోరు చావదు, ప్రీకండిషనింగ్ (గ్యాస్‌కు ముందు వేడి, తేమ పట్టించడం) చాలలేదన్నమాట. ప్యాలెట్‌కు ప్లాస్టిక్ చుట్టి లోపలికి తోస్తే గ్యాసే దూరదు. బయటికొచ్చాక గాలి ఆడనివ్వకుండా లారీ ఎక్కించొద్దు, గ్యాస్ అవశేషం లెక్క తేలాకే బ్యాచ్ వదలాలి.

ఎక్స్‌పైరీ

మూడేళ్ల ఎక్స్‌పైరీ వేయాలంటే ప్యాక్ అంతకాలం నిలుస్తుందని ఓవెన్‌లో వేగంగా ముదిరేలా చేసి చూపాలి. పది డిగ్రీలు పెరిగితే వయసు రెట్టింపు వేగంతో పడుతుందన్న లెక్కతో, నిల్వ 25 డిగ్రీలనుకుంటే 55 డిగ్రీల ఓవెన్‌లో మూడేళ్లకు 137 రోజులు. విజయవాడ గోడౌన్‌కు 25 అనుకోవడం ఆశ. 30 వేసుకుంటే 194 రోజులవుతాయి. ఆ ఓపిక ఉండాలి. పక్కన అసలు కాలంతో నడిచే శాంపిళ్లు కూడా పెట్టాలి.

రెండో ప్రొడక్టు

2 నుంచి 5 ఎంఎల్‌కు వెళ్లడం తేలిక. మెటీరియల్, ప్యాక్ అవే కాబట్టి, రెండింటిలో ఏది స్టెరైల్ చేయడం కష్టమో చూపి పాత సైకిల్‌నే వాడుకోవచ్చు. ఐవీ సెట్‌కు దూకితే ఆ వీలు ఉండదు. మీటరున్నర సన్నటి గొట్టం మధ్యదాకా గ్యాస్ చేరాలి, కాబట్టి వ్యాలిడేషన్ మళ్లీ మొదటినుంచే.