ఆస్తి ఉంచుకుంటూనే అపరిగ్రహం సాధన చేయడం ఎలా?

అపరిగ్రహం, అంటే అక్కర్లేనిది తీసుకోకపోవడం, అనగానే చాలామంది ఏదో ఒకటి దానం చేసేద్దామని తొందరపడతారు. రెండు నెలలకే ఇచ్చినదాని మీద బెంగ పట్టుకుంటుంది. పతంజలి యోగసూత్రాల్లో (2.30) ఐదు యమాలలో (మనల్ని మనం అదుపులో పెట్టుకునే వ్రతాలలో) ఇది చివరిది. ఇవ్వడం కన్నా ముందు చూడటం నేర్చుకోమంటుంది ఆ సూత్రాలకు వ్యాఖ్య అయిన వ్యాసభాష్యం. వస్తువులను ఆర్జించడంలో, రక్షించడంలో, అవి క్షయమవడంలో, వాటి మీద సంగంలో (మమకారంలో), వాటివల్ల జరిగే హింసలో దోషం కనబడితే అక్కర్లేనిది తీసుకోబుద్ధి కాదు.

అందుకే ఒక నోటుబుక్కు పెట్టండి. ఒక్కో ఆస్తికి ఒక పేజీ, పేజీకి ఆ ఐదు దోషాల పేరుతో ఐదు గడులు. వారానికి ఒక ఆస్తి చాలు. నెల్లూరు జిల్లా అల్లూరు వైపు రొయ్యల గుంట ఉందనుకుందాం. ఆర్జన: సీడుకీ మేతకీ తెచ్చిన అప్పెంత? రక్షణ: నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆగాయేమోనని రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు? క్షయం: వైట్‌స్పాట్ వైరస్ తెగులు తగిలితే కొద్ది రోజుల్లోనే గుంట ఖాళీ. సంగం: రేటు పడిన రోజు ఇంట్లో ఎవరిమీద అరిచారు? హింస: ఉప్పునీరు పక్కవాళ్ల మాగాణిలోకి ఊరుతోందా? ఈ చివరి గడినే ఎక్కువమంది ఖాళీగా వదిలేస్తారు. ఊరుతుంటే గుడికి చందా తర్వాత, ముందు ఆ నీటిని ఆపించండి. రోజూ ప్రాణాయామం అయ్యాక పది నిమిషాలు ఆ పేజీ చదవండి.

నెల్లూరులో నలభై అంకణాల ఖాళీ స్థలమైతే రక్షణ గడి ఒక్కటే నిండిపోతుంది.

తర్వాత హద్దు. ఏ మినహాయింపూ లేకుండా పాటించేది మహావ్రతమని 2.31 సూత్రం. గృహస్థులకు మినహాయింపులు తప్పవు కాబట్టి వాటిని అంకెల్లో రాయాలి: ఇంటి ఖర్చు, పిల్లల చదువు, వైద్యం, వచ్చే పంట పెట్టుబడి. ఇది ఒక్కరే కూర్చుని రాస్తే ఇంట్లో గొడవే, భార్యాభర్తలు కలిసి రాయాలి. హద్దు దాటిన దాంట్లోంచి ఇతరులకిచ్చే వాటా తీయడం కళ్లంలోనే జరగాలి. మన నెల్లూరు వైపు ధాన్యం పుట్టి 850 కిలోలు. పుట్టికి 20 కిలోలు అనుకుంటే బస్తాలు ఇంటికి చేరకముందే పక్కన పెట్టండి, ఇంట్లోకి వచ్చాక చెయ్యి రాదు. పొలం భార్య పేరుకు మార్చడం, చిరిగిన బట్టలు పంచడం, పేరు చెక్కిన పలకతో ఇవ్వడం ఈ లెక్కలోకి రావు.

పుచ్చుకోవడం కూడా పరిగ్రహమే. చదివింపుల పుస్తకం తీసి, ఎవరు ఎంత తిరిగి పెట్టాలో చూసుకునే అలవాటు ఒక ఏడాది మానండి. ఇచ్చిన మొత్తం మనసులో తిరుగుతూనే ఉంటే వచ్చే పెళ్లికి మొత్తం తగ్గించండి, మరిచిపోగలిగినంతే చదివించండి.