పాత కానన్ ఎల్‌బీపీ 2900ని విండోస్ 11కి ఇలా ఎక్కించాను

మా డీటీపీ సెంటర్‌లో కానన్ ఎల్‌బీపీ 2900 లేజర్ ప్రింటర్ పదిహేనేళ్లుగా నడుస్తోంది. శుభలేఖలకి బటర్ పేపర్ మీద ప్రింట్ తీసి స్క్రీన్ ప్రింటింగ్ వాళ్లకి ఇవ్వాలంటే నాకు ఇదే కావాలి. చిన్న సైజులో కొట్టిన ‘జ్యేష్ఠ పుత్రుడు’లో ష కింద ఠ వత్తు కూడా పూడుకుపోకుండా నల్లగా పడుతుంది. కార్ట్రిడ్జ్ రీఫిల్ చేసేవాళ్లు ఊరూరా ఉన్నారు. ఇలాంటి మిషన్‌ని పారేయడానికి నాకు మనసొప్పదు.

మొన్న శ్రావణ మాసంలో, ముహూర్తాలు దగ్గర పడిన వారంలోనే, విండోస్ 7 ఉన్న పాత సిస్టమ్‌లో మదర్‌బోర్డు పోయింది. విండోస్ 11 ఉన్న కొత్తది తెచ్చాను. ప్రింటర్ వైరు పెడితే ఉలుకూ పలుకూ లేదు. సిస్టమ్ అమ్మిన కుర్రాడు, ‘అన్నా, దీనికి డ్రైవర్ ఎక్కదు, కొత్త ప్రింటర్ తీసుకో’ అన్నాడు. చేతిలో ఆరు శుభలేఖలున్నాయి. ఎంత టెన్షన్ పడ్డానో నాకే తెలుసు. ఆ రాత్రి కూర్చుని ఎక్కించాను. మీకూ అదే పరిస్థితి వస్తే ఆ అవస్థ లేకుండా పని అయిపోవాలని ఇది రాస్తున్నాను.

ముందు అసలు సంగతి. డ్రైవర్ అంటే ప్రింటర్‌తో కంప్యూటర్‌ని మాట్లాడించే సాఫ్ట్‌వేర్. ప్రింటర్‌తో వచ్చిన నా సీడీలో ఉన్నది 32-బిట్ డ్రైవర్. విండోస్ 11 అయితే 64-బిట్‌లో మాత్రమే వస్తుంది. పేజ్‌మేకర్ లాంటి 32-బిట్ ప్రోగ్రాములు దాంట్లో నడుస్తాయి కదా, డ్రైవర్ ఎందుకు నడవదని నేనూ అనుకున్నాను. ప్రోగ్రాములకి ఉన్న ఆ వెసులుబాటు డ్రైవర్లకి లేదు. కాబట్టి సీడీని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి ఎన్నిసార్లు సెటప్ నొక్కినా టైమ్ వేస్టే. ఇంకో మాట. ఈ ప్రింటర్ కాప్ట్ అనే సొంత భాషలోనే పని చేస్తుంది. పేజీని తయారు చేసేది కంప్యూటరే, ప్రింటర్ దాన్ని అచ్చు వేస్తుందంతే. అందుకే జెనరిక్ డ్రైవర్, అంటే రకరకాల ప్రింటర్లకి పనికొచ్చేది, ఏదో ఒకటి పెడితే కుదరదు, దాని డ్రైవరే కావాలి. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 కూడా ఇలా పేజీ తయారీని కంప్యూటర్‌కే వదిలేసే రకం.

డ్రైవర్‌ని కానన్ కంపెనీ సైట్ నుంచే దించుకోండి. మోడల్ పేరు కొట్టి, 64-బిట్ కాప్ట్ డ్రైవర్ తీసుకోవాలి. మీ విండోస్ పేరు లిస్టులో కనిపించకపోతే విండోస్ 10 64-బిట్‌ది తీసుకోండి, నేను పెట్టింది అదే. ‘ఫ్రీ డ్రైవర్ అప్‌డేటర్’ అంటూ వచ్చే సైట్ల జోలికి మాత్రం పోకండి. ప్రింటర్ సంగతి దేవుడెరుగు, లేనిపోని చెత్తంతా సిస్టమ్‌లోకి వస్తుంది.

దించిన ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ ఇవ్వండి. ఒక ఫోల్డర్‌లోకి విడిపోతుంది. అందులోని సెటప్ నడిపేటప్పుడు ప్రింటర్ వైరు తీసి ఉంచండి, అది అడిగినప్పుడే పెట్టండి. చాలామందికి ఇక్కడితో పని అయిపోతుంది. నాకు అవలేదు. వైరు పెట్టినా సెటప్ ప్రింటర్‌ని గుర్తుపట్టకుండా అలాగే ఎదురుచూస్తూ ఉండిపోయింది. అలా జరిగితే సెటప్‌ని ఆపేసి చేత్తో ఎక్కించాలి. ఈసారి వైరు పెట్టి, ప్రింటర్ ఆన్‌లో ఉంచి మొదలుపెట్టండి.

డివైస్ మేనేజర్ తెరిచి, యూఎస్‌బీ కంట్రోలర్ల కింద ‘యూఎస్‌బీ ప్రింటింగ్ సపోర్ట్’ అనే వరస ఉందో లేదో చూడండి. ఉంటే వైరు, ప్రింటర్ బాగున్నట్టే. లేకపోతే వైరు మార్చండి, లేదా వేరే పోర్టులో పెట్టండి. నేను ముందువైపు నీలం పోర్టు వదిలేసి వెనక నల్ల పోర్టులో పెట్టాక ఆ వరస కనపడింది.

తర్వాత సెట్టింగ్స్‌లో బ్లూటూత్ అండ్ డివైసెస్, అందులో ప్రింటర్స్ అండ్ స్కానర్స్. ‘యాడ్ డివైస్’ నొక్కి కాసేపు ఆగండి. వెతకడం కొంతసేపు సాగాక గానీ ‘యాడ్ మాన్యువల్లీ’ అన్నది బయటికి రాదు. నేను తొందరపడి రెండుసార్లు మూసేశాను. దాన్ని నొక్కితే వచ్చే పెట్టెలో చివరిది, మాన్యువల్ సెట్టింగ్స్‌తో లోకల్ ప్రింటర్ అన్నది ఎంచుకోండి. పోర్టు అడుగుతుంది. అక్కడ మొదట కనిపించేది ఎల్‌పీటీ1, అది పాతకాలం ప్రింటర్ వైరు పోర్టు. అలాగే వదిలేస్తే డ్రైవర్ చక్కగా ఎక్కుతుంది, ప్రింట్ మాత్రం ఎప్పటికీ రాదు. లిస్టు కిందికి దించి యూఎస్‌బీ001 పెట్టండి.

ఆ తర్వాత కంపెనీల పేర్లు వస్తాయి. వాటిలో వెతక్కుండా కింద ‘హ్యావ్ డిస్క్’ నొక్కి, ఇందాక విడిపోయిన ఫోల్డర్‌లోకి వెళ్లి, ఎక్స్64 అనే ఫోల్డర్ ఉంటే దాంట్లోని ఐఎన్ఎఫ్ ఫైలు చూపించండి. ప్రింటర్ పేరు కనిపిస్తే మీ పని అయిపోయినట్టే. టెస్ట్ పేజీ నొక్కగానే లోపల రోలర్లు తిరిగిన చప్పుడు విని నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇంత చేసినా ఎక్కకపోతే రెండు చోట్ల చూడండి. ప్రింటర్స్ అండ్ స్కానర్స్‌లోనే ‘విండోస్ ప్రొటెక్టెడ్ ప్రింట్ మోడ్’ అని ఒకటి ఉంటుంది, విండోస్ 11లో 24హెచ్2 అనే అప్‌డేట్ నుంచి వచ్చింది. అది ఆన్‌లో ఉంటే కంపెనీ డ్రైవర్లని రానివ్వదు, ఆఫ్ చేయండి. కొన్ని ల్యాప్‌టాప్‌లు ఎస్ మోడ్‌లో వస్తాయి, అందులో బయటి సెటప్ ఫైళ్లు నడవవు, ముందు ఆ మోడ్ నుంచి బయటికి రావాలి. కొత్తది కొనబోయేవాళ్లు ఇంకొకటి అడిగి తెలుసుకోండి. స్నాప్‌డ్రాగన్ చిప్ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఈ 64-బిట్ డ్రైవర్ కూడా పనిచేయదు.

పని అయ్యాక ఆ విడిపోయిన ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లో దాచుకున్నాను. వైరుని వేరే పోర్టుకి మారిస్తే విండోస్ యూఎస్‌బీ002 అని ఇంకో పోర్టు పుట్టిస్తుంది, పాత పేరుకి పంపిన ప్రింట్లన్నీ క్యూలో ఆగిపోతాయి. అప్పుడు ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్ట్స్ అన్నచోట కొత్తదానికి టిక్కు పెడితే చాలు. మా షాపులో మాత్రం ఆ నల్ల పోర్టు పక్కన తెల్ల టేపు అంటించి ‘ప్రింటర్’ అని రాశాను, ఊడ్చే అమ్మాయి వైరు తీసినా మళ్లీ అక్కడే పెడుతోంది.