స్పోర్ట్స్ కారుకు కొత్త టైర్లు: ఎక్కించడం, బ్యాలెన్స్ చేయడం ఎలా?

కొత్త టైర్లు వేయించాక స్పీడ్ పెంచగానే స్టీరింగ్ వణికితే షాపులో వచ్చే మొదటి జవాబు ఒక్కటే: "బ్యాలెన్సింగ్ మెషీన్ మీద తేడా సున్నా చూపించింది కదండీ!" మళ్లీ పెట్టి తిప్పితే నిజంగానే సున్నా చూపిస్తుంది, బండి మాత్రం వణుకుతూనే ఉంటుంది. ఇలాంటప్పుడు తప్పు చాలావరకు వెయిట్లది, అంటే బరువు సమం చేయడానికి రిమ్ముకు పెట్టే చిన్న ముక్కలది కాదు. వీల్ మెషీన్ మీదో, కారు హబ్ (చక్రాన్ని బిగించే మధ్య భాగం) మీదో సరిగ్గా మధ్యలో కూర్చోలేదు, అంతే. అందుకే ఈ పనిలో కష్టపడాల్సింది వెయిట్లు అంటించే దగ్గర కాదు, దానికి ముందూ వెనకా ఉన్న శుభ్రం చేసుకోవడం, కూర్చోబెట్టడం, సరిచూసుకోవడం దగ్గర.

మామూలు కారుకు పట్టని తేడా స్పోర్ట్స్ కారుకు ఎందుకు పడుతుందంటే, చక్రంలో బరువు తేడా వల్ల పుట్టే లాగుడు వేగంతో పాటు కాదు, వేగం వర్గంతో పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే లాగుడు నాలుగు రెట్లవుతుంది. రిమ్ము అంచు దగ్గర 10 గ్రాములు తేడా ఉందనుకోండి, గంటకు 100 కి.మీ. దగ్గర అది సుమారు రెండు కిలోల బరువుతో లాగినట్టు ఉంటుంది, 200 దగ్గర ఏడు కిలోలు, 300 దగ్గర 15 కిలోలు దాటుతుంది, అదీ ప్రతి చుట్టుకీ ఒకసారి.

ఇంకో మాట ముందే చెప్పేస్తాను. చక్రాలు విప్పడం, బిగించడం మీరు ఇంట్లో చేసుకోవచ్చు. టైరును రిమ్ము మీదికి ఎక్కించే పని మాత్రం లివర్లతో, చేతులతో చేయొద్దు. 30, 35 ప్రొఫైల్ టైర్ల (అంటే ఎత్తు వెడల్పులో 30, 35 శాతమే ఉన్నవాటి) సైడ్‌వాల్, అంటే పక్క గోడ, రాయిలా ఉంటుంది, రిమ్ముకు గీతలు పడటమో, బీడ్ (రిమ్ములో కూర్చునే టైరు అంచు) చిరగడమో ఖాయం. లో ప్రొఫైల్, రన్‌ఫ్లాట్ (గాలి పోయినా కొంత దూరం నడిచే) టైర్లకు పనికొచ్చే టైర్ చేంజర్ ఉన్నచోటికి వీల్స్ పట్టుకెళ్లండి. వీలైతే పక్కన నిలబడి చూడండి, కింద చెప్పేవన్నీ అప్పుడు పనికొస్తాయి.

టైరు మీద రాసింది చదవండి

చాలా స్పోర్ట్స్ కార్లలో ముందు, వెనుక సైజులు వేరు. ఉదాహరణకు పోర్షే 911లో 992 కరేరా ఎస్‌కు ముందు 245/35 జెడ్‌ఆర్ 20, వెనుక 305/30 జెడ్‌ఆర్ 21. రిమ్ము వ్యాసమే వేరు కాబట్టి అరిగాయని ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చే వీలే లేదు. సైజు తర్వాత ఉండే 93 వై లాంటి గుర్తులో 93 అంటే ఒక టైరు 650 కిలోలు మోస్తుందని, వై అంటే గంటకు 300 కి.మీ. వరకు పనికొస్తుందని. వై చుట్టూ బ్రాకెట్లు ఉంటే 300 పైన కూడా పనికొస్తుంది. కారు పుస్తకంలో ఉన్నదానికంటే తక్కువ రేటింగ్ టైరు, ఎంత చవకగా వచ్చినా సరే, వద్దు. పోర్షేకి ఎన్ అక్షరంతో, బీఎండబ్ల్యూకి నక్షత్రంతో, మెర్సిడెస్‌కి ఎంఓ అని, ఇలా కంపెనీ ఆమోదం గుర్తులు కూడా సైడ్‌వాల్ మీద ఉంటాయి. ఒకే మోడల్ టైరులో కూడా ఆ గుర్తు ఉన్నదీ లేనిదీ అచ్చం ఒకేలా ప్రవర్తించవు. నాలుగింటినీ ఒకే రకంగా తీసుకోండి.

తయారీ తేదీ నాలుగంకెల్లో ఉంటుంది, 2324 అంటే 2024లో 23వ వారం. ఇక సైడ్‌వాల్ మీద బాణం గుర్తు ఉంటే టైరు ఆ దిక్కుకే తిరగాలి. అవుట్‌సైడ్ అని ఉంటే ఆ వైపు బయటికే రావాలి. కొన్ని ట్రాక్ (రేసింగ్) టైర్లకు ఈ రెండూ ఉంటాయి, అంటే ఎడమదీ కుడిదీ కూడా వేరు. ఎక్కించడం మొదలుపెట్టక ముందే ఏ టైరు ఏ చక్రానికో సుద్దముక్కతో రాసేయండి.

కారు లేపడం, చక్రాలు విప్పడం

కారు నేలకు తక్కువ ఎత్తులో ఉంటుంది కాబట్టి లో ప్రొఫైల్ జాకీ కావాలి. జాకీ పెట్టాల్సిన చోట్లు పుస్తకంలో చూసి, రబ్బరు ప్యాడ్ వేసి అక్కడే పెట్టండి. ఎలక్ట్రిక్ కార్లలో కింద బ్యాటరీ ఉంటుంది, అంగుళం పక్కకు జరిగినా పెద్ద ఖర్చు. ఎయిర్ సస్పెన్షన్ ఉంటే జాక్ మోడ్ ఆన్ చేయాలి. బోల్టులను చక్రం నేల మీద ఉండగానే పావు చుట్టు వదులు చేసి, ఆ తర్వాతే లేపండి. లేపాక స్టాండ్లు తప్పనిసరి, ఒక్క జాకీని నమ్ముకుని పని చేయొద్దు.

కార్బన్ సిరామిక్ బ్రేకులుంటే ఇక్కడ తొందర పనికిరాదు. వీల్ తీసేటప్పుడు లోపలి అంచు డిస్క్‌కు తగిలితే డిస్క్ అంచు పెచ్చు ఊడుతుంది, ఆ డిస్క్ ధరతో పోలిస్తే టైర్ల ధర ఏపాటిది! బోల్టు రంధ్రాల్లోకి గైడ్ పిన్నులు బిగించి వాటి మీదుగా వీల్‌ను తిన్నగా బయటికి లాగండి. ఎక్కించేటప్పుడూ అంతే.

పాత టైరు తీసి కొత్తది ఎక్కించడం

వాల్వ్ లోపలి పిన్ను తీసేసి గాలి పూర్తిగా పోనివ్వాలి. రిమ్ము లోపల వాల్వ్‌కు ఆనుకుని ప్రెషర్ సెన్సార్ ఉంటుంది, కాబట్టి బీడ్‌ను విడగొట్టే పార వాల్వ్ దగ్గర దిగకూడదు. టైరు లోపల శబ్దం తగ్గించే ఫోమ్ అంటించి ఉంటే పనిముట్లు దానికి తగలకుండా చూడాలి.

టైరు ఊడొచ్చాక రిమ్ము ఖాళీగా కనిపించేది ఈ ఒక్కసారే, కాబట్టి బాగా చూడండి. బీడ్ కూర్చునే చోట పాత రబ్బరు, తుప్పు, ఎండిపోయిన పేస్టు పేరుకుని ఉంటే గీకి తుడవాలి. రిమ్ముకు పగులు గానీ సొట్ట గానీ ఉందేమో ఇప్పుడే మెషీన్ మీద పెట్టి ఖాళీగా తిప్పి చూడమనండి. సొట్ట ఉన్న రిమ్ముకు ఎన్ని వెయిట్లు పెట్టినా లాభం లేదు. పాత వెయిట్లన్నీ తీసి, వాటి జిగురును కూడా పూర్తిగా తుడిచేయాలి.

కొత్త టైరు చల్లగా ఉంటే గదిలో ఉంచి కాస్త వెచ్చబడనివ్వండి, కనీసం 15 డిగ్రీలు ఉంటే మంచిది. గడ్డకట్టే చలిలో ట్రాక్ టైర్లను వంచితే రబ్బరు పగలొచ్చు. రెండు బీడ్లకూ టైర్ పేస్టు పల్చగా రాయండి. గ్రీజు, ఆయిల్ జోలికి వెళ్లొద్దు, రబ్బరు పాడవుతుంది. టైరు ఎక్కుతున్నప్పుడు ఎదురు వైపు బీడ్ రిమ్ము మధ్యలోని లోతు పల్లంలోకి దిగి ఉండాలి. మెషీన్ ముక్కుతూ మూలుగుతుంటే బలం పెంచడం కాదు, ఆపి ఆ బీడ్‌ను కిందికి నొక్కాలి. చివర్లో బాగా బిగుతుగా దిగే భాగం సెన్సార్ ఉన్నచోట పడకుండా చూసుకోండి.

కొన్ని టైర్ల మీద రంగు చుక్కలుంటాయి. పసుపు చుక్క టైరులో తేలికగా ఉన్న చోటుకి గుర్తు, దాన్ని వాల్వ్ పక్కకు తేవాలి. ఎర్ర చుక్క టైరు గట్టిగా, ఎత్తుగా ఉన్న చోటు. రిమ్ము మీద తక్కువ ఎత్తు ఉన్న చోటుకి చిన్న గుంట లాంటి గుర్తు ఉంటే ఎర్ర చుక్కను సరిగ్గా దాని పక్కకే తేవాలి. రెండూ ఉంటే ఎర్రదానికే పెద్దపీట.

గాలి ఎక్కిస్తుంటే రెండు బీడ్లూ ఒకటి తర్వాత ఒకటి టప్‌మని కూర్చుంటాయి. వేళ్లు దూరంగా పెట్టండి. 40 పీఎస్‌ఐ వరకూ వెళ్లినా కూర్చోకపోతే ఇంకా ఎక్కించొద్దు, గాలి తీసేసి, మళ్లీ పేస్టు రాసి మొదలుపెట్టాలి. కూర్చున్నాక రిమ్ము అంచుకు పైన టైరు మీద సన్నటి గీత ఒకటి చుట్టూ కనిపిస్తుంది. రిమ్ము నుంచి ఆ గీతకున్న దూరం రెండు వైపులా, చుట్టూ ఒకేలా ఉండాలి. ఒకచోట గీత లోపలికి మునిగి కనిపిస్తే బీడ్ అక్కడ కూర్చోలేదన్నమాట, అలా వదిలేసి బ్యాలెన్సింగ్‌కు వెళ్లడం దండగ.

బ్యాలెన్సింగ్

మెషీన్ మీద వీల్‌ను దాని మధ్య (హబ్) రంధ్రం ఆధారంగా, ఆ రంధ్రానికి సరిపడే కోన్‌తో (శంకు ఆకారపు బిగింపు ముక్కతో) బిగించాలి. చాలా అలాయ్ వీల్స్‌కు లోపలి వైపు నుంచి కోన్ పెట్టడమే సరైన పద్ధతి. వీల్ ముఖం, అది ఆనే మెషీన్ ఫ్లాంజ్ (పళ్లెం), కోన్ అన్నీ తుడిచి ఉండాలి. ఇంత పట్టింపు ఎందుకో చిన్న లెక్క చూడండి. టైరుతో కలిపి 22 కిలోల బరువున్న వీల్ మెషీన్ మీద మధ్య నుంచి 0.1 మిల్లీమీటరు, అంటే ఒక కాగితం మందం, పక్కకు జరిగి కూర్చుంటే మెషీన్‌కు లేని తేడా దాదాపు 9 గ్రాములు కనిపిస్తుంది. ఆ లేని తేడాకు మీరు వెయిట్ అంటిస్తారు, సున్నా వస్తుంది, కారుకు బిగించాక ఆ 9 గ్రాములే అసలు తేడా అవుతుంది.

దీన్ని పట్టుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. సున్నా వచ్చాక వీల్‌ను వదులు చేసి, షాఫ్ట్‌ను కదపకుండా వీల్‌ను మాత్రమే సగం చుట్టు తిప్పి, మళ్లీ బిగించి తిప్పండి. మధ్యలోనే ఉంటే మళ్లీ సున్నాకు దగ్గరగా వస్తుంది. లేకపోతే తప్పు రెట్టింపై బయటపడుతుంది, పై ఉదాహరణలో 18 గ్రాములు అడుగుతుంది. ఈ పరీక్ష రెండు నిమిషాల పని, అయినా చేసేవాళ్లు తక్కువ. మీరు అడిగి చేయించుకోండి, మొహమాటం వద్దు.

ఇంకో చిక్కు, చాలా మెషీన్లు 5 గ్రాముల లోపు తేడాను సున్నాగానే చూపిస్తాయి. ఫైన్ అనే బటన్ నొక్కితే అసలు అంకె కనిపిస్తుంది. స్పోర్ట్స్ కారుకు అదే చూడాలి.

మోడ్ డైనమిక్‌లో ఉండాలి. స్టాటిక్‌లో చక్రం పైకీ కిందికీ ఎగరడం మాత్రమే సరిచేయగలం, 300 మిల్లీమీటర్ల వెడల్పున్న టైరు పక్కలకు ఊగడం కూడా పోవాలంటే లోపలి వైపు, బయటి వైపు విడివిడిగా వెయిట్లు కావాలి. అంచుకు కొట్టే క్లిప్ వెయిట్లు అలాయ్‌కి గాట్లు పెడతాయి కాబట్టి అంటించేవే వాడాలి. ఒకటి లోపలి అంచు దగ్గర, ఇంకొకటి స్పోక్స్ వెనుక. అంటించే చోట ఆల్కహాల్‌తో తుడిచి, ఆరనిచ్చి, గట్టిగా నొక్కిపట్టాలి. ఇక్కడ చాలామంది మర్చిపోయేది బ్రేక్ క్యాలిపర్, అంటే డిస్క్‌ను నొక్కిపట్టే భాగం. స్పోర్ట్స్ కార్లలో క్యాలిపర్‌కూ రిమ్ముకూ మధ్య సందు చాలా తక్కువ. ఒకదాని మీద ఒకటి పేర్చిన మందపాటి వెయిట్ దానికి రాసుకుని మొదటి మలుపులోనే ఊడిపోతుంది. పల్చటి వెయిట్లు, ఒకే వరసలో పెట్టించండి.

ఒకే వైపు 60, 70 గ్రాములు అడుగుతోందంటే నేనైతే వెయిట్లు పెట్టను. గాలి తీసి, టైరును రిమ్ము మీద సగం చుట్టు తిప్పి మళ్లీ చూడటమే మంచిది, చాలాసార్లు అంకె బాగా తగ్గుతుంది. అన్నీ సరిగ్గా ఉన్నా వణుకు పోకపోతే రోడ్ ఫోర్స్ మెషీన్ ఉన్నచోటికి వెళ్లాలి. అందులో ఒక రోలర్ టైరును బరువుతో నొక్కి, రబ్బరు ఎక్కడ గట్టిగా ఎక్కడ మెత్తగా ఉందో కొలుస్తుంది. బరువు సమానంగా ఉన్నంత మాత్రాన టైరు గుండ్రంగా దొర్లుతుందని లేదు మరి.

మళ్లీ కారుకు బిగించడం

హబ్ ముఖాన్ని వైర్ బ్రష్‌తో శుభ్రం చేయండి. మధ్యలో పొడుచుకొచ్చిన అంచుకు మాత్రం యాంటీ సీజ్ (లోహాలు పట్టేయకుండా రాసే పేస్టు) పల్చగా రాయొచ్చు. బోల్టు మరలకు, వీల్ ఆనే ముఖానికి పుస్తకంలో చెబితే తప్ప ఏమీ రాయొద్దు, రాస్తే టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగించాలో కొలిచే రెంచ్) లెక్క తప్పుతుంది. బోల్టులు చేత్తో మొదలుపెట్టి, ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించి, చివరి బిగింపు చక్రం నేలకు ఆనాక టార్క్ రెంచ్‌తో చేయండి. అంకె కారును బట్టి మారుతుంది, చాలావాటికి 100 నుంచి 160 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. ఇంపాక్ట్ గన్‌తో బరబరా బిగించేస్తే ఒక బోల్టు ఎక్కువ, ఒకటి తక్కువ పడి వీల్ ఒరిగి కూర్చుంటుంది, మెషీన్ దగ్గర పడ్డ శ్రమంతా వృథా. 911 జీటీ3 లాంటి కార్లకు మధ్యలో ఒకే పెద్ద నట్టు ఉంటుంది, దానికి 600 న్యూటన్ మీటర్లు కావాలి, పొడవాటి ప్రత్యేక రెంచ్, బ్రేకు తొక్కి పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి. అవి లేకపోతే ఆ పని మానుకోండి.

కదిలించే ముందు చక్రాన్ని ఒకసారి చేత్తో తిప్పి, వెయిట్ ఎక్కడా రాసుకోవడం లేదని చూడండి. టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి సరిచేసి, ప్రెషర్ సిస్టమ్ రీసెట్ చేయండి. ప్రతి 10 డిగ్రీల ఉష్ణోగ్రతకు సుమారు 0.1 బార్ మారుతుంది. వీల్ అలైన్‌మెంట్ కూడా చూపించండి, ముఖ్యంగా పాత టైర్లు లోపలి అంచున అరిగి ఉంటే.

మొదటి కిలోమీటర్లు

బయలుదేరే ముందు వాల్వ్ దగ్గర టైరు మీదా రిమ్ము మీదా కలిసేలా సుద్దతో ఒక గీత గీయండి. పేస్టు పూర్తిగా ఆరకముందే యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినా, గట్టిగా బ్రేకు వేసినా టైరు రిమ్ము మీద జారుతుంది, దాంతో బ్యాలెన్స్ పోతుంది. రెండు గీతలూ విడిపోయి కనిపిస్తే అదే జరిగిందని అర్థం, మళ్లీ బ్యాలెన్స్ చేయించడమే. కనీసం ఒక రోజు నెమ్మదిగా నడపండి. రబ్బరు పైపొర అరిగి పట్టు రావడానికి ఎలాగూ 200 నుంచి 300 కి.మీ. పడుతుంది. 50 నుంచి 100 కి.మీ. తిరిగాక టార్క్ మళ్లీ చూడండి.

వణుకు ఉందా లేదా అన్నది టైర్లు వేడెక్కాకే తేల్చాలి, ఎక్కువ రోజులు కదలకుండా నిలబడ్డ టైరు మొదటి కొన్ని కిలోమీటర్లు ఎలాగూ కాస్త కొట్టుకుంటుంది. ఆ తర్వాత కూడా స్టీరింగ్ వణికితే ముందు చక్రాలు, సీటు వణికితే వెనుకవి అనుమానించండి. వెంటనే షాపుకు పరిగెత్తకుండా ముందు ఆ వీల్ విప్పి, హబ్ తుడిచి, ఒక బోల్టు రంధ్రం పక్కకు తిప్పి మళ్లీ బిగించి చూడండి. వణుకు మారితే తప్పు హబ్ మీద కూర్చోవడంలోనే ఉంది. మారకపోతే ఆ ఒక్క వీల్ పట్టుకుని మెషీన్ దగ్గరికి వెళ్లి, సగం చుట్టు పరీక్షతో మొదలుపెట్టమని చెప్పండి.