పాండవుల గుట్ట: రాతి మీద గీసిన బొమ్మలు చూసొచ్చే తీరు

హనుమకొండ నుంచి పరకాల మీదుగా భూపాలపల్లి రోడ్డు పట్టుకుంటే, దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో రేగొండ మండలం రావులపల్లి దగ్గర పాండవుల గుట్ట. పాండవులు వనవాసంలో ఇక్కడ తలదాచుకున్నారని చుట్టుపక్కల ఊళ్ల నమ్మకం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. ఏడింటికల్లా గుట్ట కింద ఉండండి. మనిషికి 3 లీటర్ల నీళ్లు, తిండి వెంట తీసుకుపోవాల్సిందే.

ఇది ఇసుకరాయి గుట్ట. హనుమకొండ గ్రానైటు బండలెక్కిన అలవాటుతో ఇక్కడ అడుగేస్తే జారుతారు. ఎండకూ వానకూ రాయి రేణువులు రాలి బండ మీద పలచగా పరుచుకుంటాయి, వాటి మీద నున్నటి చెప్పు నిలవదు. గాడులున్న బూట్లు వేసుకోండి. దిగేటప్పుడు పక్కకు తిరిగి, పాదం మొత్తం ఆనించాలి. వాన పడితే రెండు మూడు రోజులు ఆగడమే మేలు. నీళ్లు పీల్చిన ఇసుకరాయి బలం తగ్గి, పట్టుకున్న అంచు పెళ్లలా ఊడొస్తుంది.

పాతకాలపు మనుషులు బండల మీద రంగులతో గీసిన ఈ బొమ్మలు 1990లో వెలుగులోకి వచ్చాయి. అడవిదున్న, దుప్పి, పులి, చిరుత, స్వస్తిక, వలయాలు, విల్లంబులు, కత్తులు ఉన్నాయి. ఎరుపు, తెలుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు. చాలామంది "ఏమీ కనబడట్లేదు" అని రెండు నిమిషాల్లో వెనక్కి తిరుగుతారు. ఎండలోంచి, పడగలా ముందుకు వంగిన రాయి కిందికి వచ్చిన కంటికి వెంటనే ఏదీ ఆనదు. ఐదు నిమిషాలు కూర్చోండి, ముందు ఎర్ర గీతలు తేలతాయి. ఒక బొమ్మ మీద ఇంకొకటి ఉంటే కిందిది పాతది. రాతియుగం వాళ్లు గీసినవి, చారిత్రక కాలం వాళ్లు గీసినవి ఒకే గుట్ట మీద కనబడటమే దీని విలువ.

బొమ్మ మెరవాలని నీళ్లు చల్లడం అన్నిటికన్నా పెద్ద తప్పు. తడి ఆరుతుంటే రాతిలోని లవణాలు పైకొచ్చి గడ్డకట్టి, రంగుతో సహా పొరను ఊడగొడతాయి. పోయిన గీత మళ్లీ రాదు. చేయి కూడా తాకించకండి, చెమటా నూనే అంటుకుంటాయి.

చరియల కింద తేనెపెరలు ఉండొచ్చు. అగరుబత్తి, బీడీ పొగ, సెంటు వద్దు, కేకలు అసలే వద్దు. ఎలుగుబంట్లు తిరిగే అడవి కాబట్టి సొరికెల్లో దూరకండి, నాలుగింటికల్లా కిందికి దిగండి.

ఫొటోకు ఫ్లాష్ ఆపి, ఫోన్ కదలకుండా రాతికి ఎదురుగా పట్టుకోండి. ఇంటికొచ్చాక కాంట్రాస్ట్ పెంచి చూస్తే, అక్కడ కంటికి ఆనని గీతలూ బయటపడతాయి.