పాత అంబాసిడర్, పద్మిని ఇంజన్లలో నాకింగ్: కంప్రెషన్‌కూ పెట్రోలుకూ పొంతన కుదరనప్పుడు

పాత అంబాసిడర్‌కో ప్రీమియర్ పద్మినికో బోరింగ్ (సిలిండర్ల లోపలి వెడల్పు పెంచడం), హెడ్ ఫేసింగ్ (ఇంజన్ పైమూత అయిన హెడ్ అడుగును గీసి చదును చేయడం) చేయించి, పెద్ద కార్బురేటర్ పెట్టించాక పికప్ బాగా పెరిగిందని సంతోషిస్తున్న సమయంలోనే ఇంజన్ కొత్త శబ్దాలు మొదలుపెడుతుంది. చాలామంది ముందుగా బంకును తప్పుపడతారు. పెట్రోలులో కిరోసిన్ కలిస్తే ఆక్టేన్ పడిపోయే మాట నిజమే. అయితే వేర్వేరు బంకుల్లో పోయించినా శబ్దం తగ్గకపోతే కారణాన్ని ఇంజన్ లోపలే వెతకాలి.

సమస్య: టాప్ గేరులో ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ నొక్కితే, రేకు డబ్బాలో చిన్న మేకులు వేసి ఊపినట్టు గలగల శబ్దం వస్తుంది.

ప్లగ్గు నిప్పు రవ్వ నుంచి మంట ఛాంబరంతా పాకేలోపే, చివర మిగిలిన మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తట్టుకోలేక తనంతట తానే ఒక్కసారిగా అంటుకోవడాన్నే నాకింగ్ అంటారు. దీన్ని పెట్రోలు ఎంతవరకు తట్టుకోగలదో చెప్పే అంకె ఆక్టేన్, ఆ మిశ్రమాన్ని ఇంజన్ ఎంతగా నొక్కుతుందో చెప్పే అంకె కంప్రెషన్ నిష్పత్తి. రెండో అంకె పెరిగితే మొదటిదీ పెరగాలి.

అది నాకింగేనా అన్నది ముందు తేల్చుకోవాలి. టైమింగ్ లైట్ పెట్టి ఇగ్నిషన్‌ను 4 డిగ్రీలు వెనక్కి తిప్పి, అంటే ప్లగ్గు రవ్వ కాస్త ఆలస్యంగా వచ్చేలా చేసి, అదే ఎత్తు మీద మళ్లీ నడపండి. శబ్దం పోతే అది నాకింగే. ఐడిల్‌లో కూడా టకటక వినిపిస్తూ ఉంటే ట్యాపెట్లను (వాల్వులను తెరిచే భాగాలు), లోడు పడినప్పుడు లోతుగా దభదభమంటే బేరింగులను చూడాలి.

నాకింగే అని తేలితే ఊహలు మాని కొలతకు దిగాలి. పాత కార్లలో అసలు చిక్కు ఏమిటంటే, హెడ్‌కూ బ్లాక్‌కూ మధ్య ఉండే గ్యాస్కెట్ పోయిన ప్రతిసారీ ఒక్కో యజమాని హెడ్‌ను లేత్ షాపుకు పంపి కొంత కొంత గీయించి ఉంటాడు, మొత్తం ఎంత పోయిందో ఎవరూ రాసిపెట్టరు. హెడ్‌ను తిరగేసి, వాల్వులు, ప్లగ్గు బిగించి, ఛాంబర్ అంచుకు పలచగా గ్రీజు రాసి, చిన్న రంధ్రమున్న అక్రిలిక్ పలకను నొక్కి పెట్టండి. బ్యూరెట్‌తో పలచని నూనెను ఆ రంధ్రం గుండా వదులుతూ, పలక కింద చివరి గాలి బుడగ మాయమయ్యేవరకు ఎంత పట్టిందో చూడండి. దానికి గ్యాస్కెట్ మందం వల్ల ఏర్పడే ఖాళీనీ, పిస్టన్ తలలోని గుంటనూ, పిస్టన్ పైకి వచ్చినప్పుడు బ్లాక్ అంచుకు కిందుగా మిగిలే ఖాళీనీ కలపాలి. నాలుగు సిలిండర్లకూ విడివిడిగా కొలవాలి, ఎందుకంటే హెడ్‌ను వంకరగా గీస్తే ఒక్క సిలిండరే నాక్ చేస్తుంది.

1489 సీసీ అంబాసిడర్ ఇంజన్‌లో ఒక్కో సిలిండర్ 372 సీసీ. మొత్తం ఖాళీ 44 సీసీ వచ్చిందనుకుందాం. 372కు 44 కలిపి 44తో భాగిస్తే నిష్పత్తి దాదాపు 9.5. ఇంత ఎత్తుకు చేరిన పోత ఇనుప హెడ్ 91 ఆక్టేన్‌తో ప్రశాంతంగా నడుస్తుందని ఆశించకూడదు. ఆ పెట్రోలుకు 8.5 దగ్గర, 95కు 9 దగ్గర ఆగడం మంచిదని నా అభిప్రాయం. పద్మిని హెడ్ అల్యూమినియం కనుక వేడిని త్వరగా వదిలేస్తుంది, దానికి మరికొంత వెసులుబాటు ఉంటుంది.

నిష్పత్తి తగ్గించడానికి మందమైన గ్యాస్కెట్ సులువైన మార్గం. పై ఇంజన్‌లోనే 0.8 మిల్లీమీటర్ల మందం అదనంగా వేస్తే దాదాపు 3.4 సీసీ పెరిగి నిష్పత్తి 8.9కు దిగుతుంది. అది చాలకపోతే లోతైన గుంట ఉన్న పిస్టన్లు వేయించాలి. 100 ఆక్టేన్ పెట్రోలు మన దేశంలో 2020 నుంచి దొరుకుతోంది గానీ, ప్రతి ఊళ్లో దొరకని ఇంధనం మీద దూర ప్రయాణపు కారును ఆధారపరచడం నాకు నచ్చదు. అమెరికాలో ఎంజీబీ వంటి పాత బ్రిటిష్ కార్లు నడిపే మనవాళ్లు మరో సంగతి గమనించాలి. అక్కడి బంకు మీద 87 అని రాసి ఉంటే, అది మన లెక్కలో దాదాపు 91, 92కు సమానం.

టైమింగ్‌ను శాశ్వతంగా వెనక్కి పెట్టి ఊరుకోవడం చికిత్స కాదు. శబ్దం తగ్గినా పికప్ పోతుంది, ఎగ్జాస్ట్ వాల్వులు వేడెక్కుతాయి. డిస్ట్రిబ్యూటర్ లోపలి స్ప్రింగులు సాగిపోతే అడ్వాన్స్ (వేగం పెరిగేకొద్దీ రవ్వ ముందుకు జరగడం) ముందే పూర్తిగా వచ్చేస్తుంది కనుక, వాటిని మార్చిన తర్వాతే టైమింగ్ ఖాయం చేయాలి.

సమస్య: ఇదివరకు లేని నాకింగ్ ఇథనాల్ కలిసిన పెట్రోలు పోయించాక వచ్చింది.

ఇథనాల్ ఆక్టేన్‌ను పెంచుతుంది, కనుక తప్పు ఆక్టేన్‌ది కాదు. మామూలు పెట్రోలు ఒక పాలుకు గాలి 14.7 పాళ్లు కావాలి, 20 శాతం ఇథనాల్ ఉంటే సుమారు 13.5 పాళ్లు చాలు. పాత కార్బురేటర్‌కు ఈ తేడా తెలియదు కాబట్టి మిశ్రమం పలచబడి మంట వేడెక్కుతుంది. ఎస్‌యూ కార్బురేటర్‌లో జెట్ నట్టును కొద్దిగా దించాలి, సోలెక్స్ కార్బురేటర్‌లో ఒక సైజు పెద్ద మెయిన్ జెట్ వేయాలి. పాత రబ్బరు పైపులను కూడా అప్పుడే మార్చండి.

సమస్య: తాళం తీసినా ఇంజన్ కొన్ని క్షణాలు కుదుపుతూ తిరుగుతుంది.

ఛాంబర్‌లో ఎర్రగా కాలే కార్బన్ ముక్కో, అతిగా వేడెక్కే ప్లగ్గో నిప్పు పని చేస్తోందన్నమాట. ఐడిల్ తగ్గించి, ఒక మెట్టు చల్లని ప్లగ్గులు వేసి, రేడియేటర్ శుభ్రం చేయించండి. అప్పటికీ ఆగకపోతే హెడ్ విప్పి కార్బన్ గీకించాలి.

సమస్య: ఖరీదైన పెట్రోలు పోయించినా పికప్ పెరగలేదు.

ఫ్యాక్టరీ నిష్పత్తిలోనే ఉన్న ఇంజన్‌కు అధిక ఆక్టేన్ అదనపు శక్తినివ్వదు. ఆ డబ్బును ట్యూనింగ్‌కు వాడండి.

సమస్య: ఎగ్జాస్ట్ ట్యాపెట్ గ్యాప్ తరచూ తగ్గిపోతోంది.

ఇది ఆక్టేన్ సమస్య కాదు. ఆక్టేన్ పెంచడానికి కలిపిన సీసమే వాల్వు సీట్లను కూడా కాపాడేది. దేశమంతటా 2000 ఫిబ్రవరి నుంచి సీసం లేని పెట్రోలే వస్తోంది కాబట్టి ఇనుప హెడ్‌లో నేరుగా చెక్కిన సీట్లు అరిగి లోపలికి దిగుతాయి. హెడ్ ఎలాగూ లేత్ షాపుకు వెళ్తోంది కనుక గట్టి ఎగ్జాస్ట్ సీట్లు అప్పుడే వేయించండి.

మరమ్మతు ముగిశాక ఎత్తున్న దారిలో 50 కిలోమీటర్లు నడిపి ప్లగ్గులు విప్పి చూడండి. తెల్లని పింగాణీ మీద మిరియపు పొడి చల్లినట్టు నల్లని చుక్కలో, మెరిసే అల్యూమినియం రవ్వలో కనిపిస్తే, చెవికి వినబడకపోయినా నాకింగ్ ఇంకా ఉన్నట్టే. ఆ రవ్వలు పిస్టన్ తల నుంచే రాలుతున్నాయి గనుక కారును అక్కడితో ఆపి, టైమింగ్ నుంచి మళ్లీ పరీక్షించాలి.